పండగకు ముందే ఊరిన ఆవకాయ

ఒక్క జాడీ ఆవకాయతో ఒక ఊరినీ, ఆ ఊరి తాతముత్తాతలనూ, నన్ను పంపిన సంఘాన్నీ, నాకు పూచీ పడ్డ ఒక మంచి మనిషినీ ఒకే ఉదయాన తల దించుకునేట్టు చేసిన ఘనుడు మీకెవరైనా తెలుసా? తెలియకపోతే ఇప్పుడు తెలుసుకోండి, ఆ ఘనుణ్ణి నేనే. పైగా ఆ ఆవకాయ నేను దురుద్దేశంతో పెట్టలేదు, ప్రేమతో పెట్టాను. మీరూ గమనించే ఉంటారు, లోకంలో జరిగే పెద్ద పెద్ద ప్రమాదాల్లో సగం ప్రేమతో చేసినవే.

పన్నెండేళ్ళ కిందటి మాట. అప్పటికి నాకు ముప్పై దాటాయి గానీ బుద్ధి ఇంకా వెనకాల ఎడ్లబండిలో వస్తోంది. మా సంఘం వాళ్ళు నన్ను సేవకు పంపుతూ దండ వేసి ప్రార్థన చేసిన రోజున మా అమ్మ వీధి వీధంతా తిరిగి, మావాడు విదేశాలకు సువార్తకు వెళ్తున్నాడని చాటింది. ఏ దేశమండీ అని పొరుగావిడ అడిగితే "శబరి అవతల" అని గంభీరంగా చెప్పింది. మీరు నవ్వుతారు. కానీ గోదావరి గట్టు మీద పుట్టి, ధవళేశ్వరం దాటి ఎరగని మాకు శబరి వంతెన ఏడు సముద్రాలతో సమానం. పైగా రాష్ట్రం పొలిమేర దాటి కొంటా చేరగానే నా ఫోను హిందీలో స్వాగతం పలికి, రోమింగు పేరుతో జేబు కోసింది. రోమింగు పడే చోటు విదేశం కాదని ఎవరైనా అనగలరా? మా అమ్మ వాదన అదే. ఈనాటికీ ఆ వాదనకు జవాబు లేదు.

కొంటా నుంచి జీపు మీద కొంత, కాళ్ళ మీద మరికొంత వెళ్తే నేను ఉండాల్సిన ఊరు. ఇళ్ళు అక్కడొకటి ఇక్కడొకటి, ఇంటికీ ఇంటికీ మధ్య పొలం, పొలం అయిపోతే అడవి. వాళ్ళు ఇంట్లో దొర్లీ మాట్లాడతారు, నాతో తెలుగు, ఆఫీసరు వస్తే హిందీ, పెద్ద బజారుకు పోతే హల్బీ. నేను చొక్కా మార్చేలోపు వాళ్ళు నాలుగు భాషలు మార్చేవారు. నేను ఒక్క తెలుగులోనే ఇన్ని తప్పులు చేస్తున్నందుకు నా మీద నాకే జాలి వేసేది.

నన్ను ఆ ఊరికి పిలిచినవాడు కుంజం దేవయ్య. ఏటా భద్రాచలం అవతల మిరపతోటల్లో కాయ ఏరడానికి పోయేవాడు. అక్కడొక చిన్న చర్చిలో పాటలు విని, మా ఊరికీ ఒక అయ్యగారుంటే బాగుణ్ణనుకున్నాడు. తన పెరట్లో ఒక గుడిసె నాకిచ్చాడు. అయితే ఆ ఊళ్ళో ఒకరు రమ్మంటే సరిపోదు, ఊరు ఉండమనాలి. అందుకని వచ్చిన మర్నాడే నన్ను ఊరి పెద్ద మడకం జోగయ్య తాత దగ్గరికి తీసుకెళ్ళాడు.

తాత మంచం మీద కూర్చుని, సంతలో ఎద్దును చూసినట్టు నన్ను ముందు నుంచీ వెనక నుంచీ చూశాడు. జీలుగు కల్లు తాగుతావా అంటే తాగనన్నాను. చెట్టెక్కుతావా అంటే ఎక్కలేనన్నాను. ఎలుగును చూశావా అంటే బొమ్మలో చూశానన్నాను.

"మరేం తెల్సు నీకు?" అన్నాడు.

మూడేళ్ళు వేదాంత పాఠశాలలో చదివానన్నాను.

తాత నా చదువుకు జాలిపడ్డాడో ఏమో, "సరే పిలగా. మామిడి పండగ దాక ఉండు. పండగ దినం ఊరు బైఠక్ కూసుంటది. ఉండాల్నో పోవాల్నో అప్పుడు చెప్తం" అన్నాడు.

"ఈయన జిమ్మేదారీ నాది తాతా" అన్నాడు దేవయ్య. అలా నాకు పూచీ పడ్డందుకు ఆయన ఎంత చెమటోడ్చబోతున్నాడో పాపం ఆయనకు అప్పుడు తెలియదు.

అలా నా బతుకు మామిడి పండగ కొమ్మకు వేలాడింది. మొదట్లో ఇది నాకు పెద్ద దిగులేమీ కాలేదు. ఉండమంటే ఉంటాం, పొమ్మంటే అమ్మ దగ్గరికి పోతాం అనుకున్నాను. కానీ రోజులు గడిచేకొద్దీ నాకే తెలియకుండా ఊరు నాలోకి దిగింది. సాయంత్రాలు పెద్దవాళ్ళకు అక్షరాలు చెప్పేవాణ్ణి, జ్వరం వచ్చినవాళ్ళ వెంట కొంటా ఆస్పత్రికి నడిచేవాణ్ణి, ఆదివారం దేవయ్య వాకిట్లో నలుగురం కూర్చుని ప్రార్థన చేసుకునేవాళ్ళం. మిగతా సమయమంతా నోరు తెరుచుకుని చూడటమే నా సేవ.

ఇప్పపూల కాలంలో ఒక తెల్లవారుజామున దేవయ్య భార్య లచ్చక్క వెంట అడవికి వెళ్ళాను. చెట్ల నుంచి పూలు ఒక్కొక్కటే రాలుతున్నాయి, చినుకు కాని చినుకులా, చప్పుడు కాని చప్పుడుతో. నేల తేనె రంగులో మెరుస్తోంది. ఆ వాసన పీలిస్తే చాలు, కల్లు తాగనని తాతతో అన్న మాట తప్పినట్టే. ఏ చెట్టు కింద పూలు ఎవరివో అందరికీ తెలుసు, కంచె లేదు, గీత లేదు. గాలికి ఒక పువ్వు పక్కవాళ్ళ చెట్టు కిందికి దొర్లిపోతే, లచ్చక్క దాన్ని అక్కడే వదిలేసింది. మా ఊళ్ళో గోడ మీద వాలిన ములక్కాడ కోసం రెండు తరాలు కోర్టుకు తిరిగిన కుటుంబాన్ని నేను ఎరుగుదును. అందుకని ఆ ఒక్క పువ్వు వంక చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. అది చూసి ఊరుకుంటే సరిపోయేది. దాని నుంచి ఏమన్నా నేర్చుకుని ఉంటే మీకు ఈ కథ ఉండేది కాదు.

తర్వాత మామిడికాయలు వచ్చాయి. వచ్చాయంటే మామూలుగా కాదు. చెట్లు ఆకులు తొడగడం మానేసి కాయలే కాశాయా అన్నట్టు. నా గుడిసె వెనక చెట్టైతే కొమ్మలు వంచి, కిటికీలోంచి నన్ను పలకరించేది. కాయలున్న చెట్టుకే రాళ్ళ దెబ్బలని కదా సామెత. అక్కడ సామెతకు సెలవు. ఒక్క రాయి లేదు, ఒక్క దోటీ లేదు. పిల్లలు చెట్టు కింద గంతులేసేవారు గానీ తలెత్తి చూసేవారు కారు. గాలికి రాలిన కాయను కూడా పక్కనుంచి తప్పుకుని నడిచేవారు. మా వైపు పిల్లలైతే మామిడికి పిందె నుంచి కాయ కావడానికి కూడా తీరిక ఇవ్వరు.

తెలివైనవాడు ఇక్కడ ఆగి, ఎందుకిలా అని ఒక్కమాట అడుగుతాడు. నేను అడగలేదు. నాకే తోచింది: పాపం, వీళ్ళకు మామిడికాయ విలువ తెలియదు.

ఆ తర్వాత నా మెదడు ఎంత వేగంగా పరిగెత్తిందో చూడండి. రాబోయేది మామిడి పండగ. ఆ రోజే ఊరు నా సంగతి తేలుస్తుంది. మామిడి పండక్కి గోదావరి వాడు ఏం తీసుకెళ్ళాలి? ఇది ప్రశ్నా అసలు? ఒక్క ముక్క నోట్లో పడిందంటే ఊరు ఊరంతా నన్ను ఉండమని కాళ్ళకు బంధం వేస్తుంది. అయితే ఆవకాయ అనేది పండగనాడు పొద్దున లేచి పెట్టేది కాదే, ముందే పెట్టి ఊరనివ్వాలి. కనుక ముందే కొయ్యాలి. ఎవరికీ చెప్పకూడదు, పండగనాడు అందరూ ఆశ్చర్యపోవాలి. ఆశ్చర్యం విషయంలో మాత్రం నా అంచనా తప్పలేదు.

గుట్ట ఎక్కితే గానీ సిగ్నలు అందదు. ఎక్కి, మా అమ్మకు ఫోను చేసి, ఆవకాయ ఎలా పెడతారని అడిగాను. అవతల ఏడుపు.

"అన్నంలోకి ఏమీ పెట్టడం లేదట్రా వాళ్ళు?"

అదేం కాదు, ఇది సేవలో భాగమని నచ్చజెప్పేసరికి రోమింగులో నా నెల జీతం కరిగింది. ఆ పైన కాయ తుడవడం దగ్గర్నుంచి జాడీకి గుడ్డ కట్టడం దాకా ఆమె చెప్పింది చెప్పినట్టు మనసులో రాసుకున్నాను.

సరుకులకు కొంటా వెళ్ళాను. అక్కడ కొట్టు నడిపే సత్యంగారు మా వైపు నుంచి వచ్చి ఎప్పుడో స్థిరపడ్డవారు. ఆవపిండి, కారం, నువ్వులనూనె, జాడీ వరసగా అడుగుతుంటే ఆయన చెయ్యి తక్కెడ మీద ఆగిపోయింది.

"మీ ఊళ్ళో పండగ అయిపోయిందాండీ?"

"ఇంకా లేదండీ. పండక్కే ఇదంతా."

ఆయన నన్ను చూశాడు, ఆవపిండిని చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. "ఊరివాళ్ళు మీకు అన్నీ చెప్పే ఉంటార్లెండి" అన్నాడు.

"అన్నీ చెప్పారు" అన్నాను ఛాతీ విరుచుకుని.

గమనించారా? దేవుడు గాడిద చేత కూడా మాట్లాడించి మనిషిని హెచ్చరిస్తాడని నేనే బోధించేవాణ్ణి. నా విషయంలో ఏకంగా కొట్టు యజమాని చేత మాట్లాడించాడు. కానీ వినేవాడే ఆ పూట గాడిద.

ఊరంతా అడవికి పోయిన ఒక మిట్టమధ్యాహ్నం చూసుకుని పని మొదలుపెట్టాను. చెట్టు ఎక్కలేనని ముందే చెప్పాను కదా, ఆ చెట్టుకు ఎక్కాల్సిన పని కూడా లేదు. చేత్తో కోశాను, బకెట్టెడు. ఒక కాయ కొరికి చూద్దును గదా, ఆ పులుపుకు ఎడమ కన్ను మూసుకుపోయి చాలాసేపటి దాకా తెరుచుకోలేదు. ఇంత పులుపు ఆవకాయకు దొరకడం దైవకృప అని అక్కడే స్తోత్రం చేశాను. టెంకతో సహా నరకడానికి దేవయ్య గొడ్డలి తీసుకున్నాను.

పక్క వాకిట్లో ఉంగమ్మ అవ్వ ఉందన్న సంగతి మరిచాను. ఆమె జోగయ్య తాతకు అక్క. కళ్ళు మసక గానీ, ముక్కు మాత్రం అడవిలో ఉన్న పుట్టగొడుగును ఇంట్లోంచి పసిగట్టే రకం.

"ఏంది కొడకా, ఏం నరుకుతున్నవ్?"

"కట్టెలు అవ్వా."

గొడ్డలి మళ్ళీ పడింది.

"గీ కట్టెలేంది, పుల్లటి వాసనొస్తున్నయ్?"

"పచ్చి కట్టెలవ్వా."

"ఊఁ" అంది అవ్వ. ఆ ఒక్క 'ఊఁ'లో ఎంత అర్థముందో గ్రహించే శక్తి నాకు అప్పుడు లేదు. ఒక బోధకుడు నోరారా అబద్ధమాడాడని మీరు ముక్కు మీద వేలేసుకోకండి. ఆశ్చర్యపరచడం కోసం ఆడే అబద్ధం అబద్ధం కాదని నాకు నేనే ఒక ప్రసంగం చేసుకున్నాను. విన్నది నేనొక్కణ్ణే కాబట్టి సభ ఏకగ్రీవంగా ఒప్పుకుంది.

మూడో రోజున ముక్క ఊరిందో లేదో చూడాలి కదా, చూశాను. నాలుగో రోజున నిన్న సరిగ్గా చూశానో లేదో చూశాను. ఆ పైన ప్రతి మధ్యాహ్నం ఊరు అడవికి పోగానే వేడన్నంలో ఒక ముక్క వేసుకుని, తలుపు దగ్గరగా వేసి, భోజనానికి ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాణ్ణి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. పాస్టరు కళ్ళు మూసుకుని ఆవకాయ తింటాడు. పండగ నాటికి జాడీలో పావు వంతు తగ్గి, నాలో అంతకు రెట్టింపు పెరిగింది. లచ్చక్కకో దేవయ్యకో ఒక్క ముక్క పెడదామని అప్పుడప్పుడు మనసైతే పీకేది. కానీ రహస్యం బయటపడుతుందని ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, రహస్యం కన్నా ఎక్కువగా ఆవకాయ బయటపడుతుందని ఊరుకున్నాను.

పండగ వచ్చింది. తెల్లారేసరికి ఊరంతా అడవి అంచున ఉన్న పాత మామిడిచెట్టు దగ్గర చేరింది. బాలింతలు, నడవలేని ముసలివాళ్ళు, మిరపతోటల నుంచి తిరిగొచ్చినవాళ్ళు, అందరూ. జోగయ్య తాత అంతకుముందే నాకో మాట చెప్పాడు, మా మొక్కు మేం మొక్కుకుంటం, నీ మొక్కు నువ్వు మొక్కుకో, దూరంగ కూసొని సూడు అని. ఒక మొద్దు మీద కూర్చున్నాను, పక్కన తువ్వాలు కప్పిన జాడీతో. అదేంటయ్యగారూ అని దేవయ్య సైగ చేశాడు. చూస్తావుగా అని నేనూ సైగ చేశాను.

తాత కొత్త కాయలు కోసి ఆకుల మీద పెట్టాడు. నేలతో మాట్లాడాడు. వాళ్ళ భాష నాకు అప్పటికి కొంచెం కొంచెం తెలుసు. మట్టిని పేరుతో పిలిచాడు, కొండను పేరుతో పిలిచాడు, చనిపోయిన పెద్దలను ఒక్కొక్కరినే, వరసలు పెట్టి, పక్కింటి వాకిట్లో ఉన్నవాళ్ళను పిలిచినట్టు పిలిచాడు. నువ్వు ముందు తిను తాతా, నువ్వు తిను అవ్వా, మీరు తిన్నాక మేం తింటాం అన్నాడు. అంత జనంలో చప్పుడు లేదు. చంటిపిల్లలు కూడా ఏడవలేదు. ఆకులు కదలడం మానేశాయని నేనంటే గోదావరి వాడి కోతలంటారు గానీ, నాకు అలాగే ఉంది. నేను ఎన్నో పెద్ద పెద్ద సభల్లో కూర్చున్నాను, మైకులు, జెండాలు, వేలమంది. దేవుడి ముందు ఇంత నిశ్శబ్దంగా కూర్చున్న మనుషులను అంతకుముందు చూడలేదు. నా ఒళ్ళు జలదరించింది.

ఒళ్ళు జలదరించినవాడు ఏం చెయ్యాలి? నోరు మూసుకుని కూర్చోవాలి. నేనేమో, ఇదే సమయం అనుకుని లేచాను.

లేచి, జాడీని రెండు చేతులా పట్టుకుని, జనం మధ్యలోంచి నడిచి, తాత పెట్టిన కాయల పక్కనే దించాను. తువ్వాలు తీశాను. గుడ్డ విప్పాను. ఆ ఘాటు నాలుగు వైపులా ఒకేసారి బయల్దేరి, మొదటి వరసలో కూర్చున్నవాళ్ళ ముక్కులను పేరుపేరునా పలకరించింది.

"ఇదేంది?" అన్నాడు తాత.

"ఆవకాయ తాతా. మీ అందరి కోసం. మామిడికాయలతో పెడతాం."

"ఏ కాయలు?"

"మన కాయలే. గుడిసె వెనక చెట్టువి."

"ఎప్పుడు కోసినవ్?"

నా మొహంలో వెలుగు చూడాలి మీరు. బడిలో పంతులు అడగని లెక్క కూడా చేసి చూపించే కుర్రాడిలా, "పోయిన పున్నమికి ముందే తాతా. ఇప్పుడు కోస్తే ఏం లాభం, ఊరితే గానీ రుచి రాదు" అని వివరించాను. నూనె ఎలా తేలాలో, ముక్కకు టెంక ఎందుకుండాలో కూడా వివరించాను. ఎంత వివరిస్తే అంత లోతుకు దిగుతున్నానని తెలియలేదు. ఎదురుగా ఒక్క మొహం కదలడం లేదు. లచ్చక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేవయ్య నేల వంక చూస్తున్నాడు, నేల పగిలితే దూకేవాడిలా.

"తిన్నవా?" అన్నాడు తాత.

నేను నోరు తెరిచేలోపే జవాబు ఉంగమ్మ అవ్వ చెప్పింది.

"తినకుంటే అంత లావెట్లైతడు? రోజూ పగటీల కట్టెలు తింటుండె."

దేవయ్య వచ్చి నా మోచెయ్యి పట్టుకుని చెప్పాడు. పండగ కాకముందు ఆ ఊళ్ళో ఎవరూ కాయ ముట్టరు. నేలకు పెట్టాలి, పోయిన పెద్దలకు పెట్టాలి, అప్పుడు మనిషి. వేవిళ్ళతో పులుపుకు అల్లాడే ఆడపిల్ల కూడా ఓర్చుకుంటుంది. కింద రాలినదీ ముట్టరు. "మీకు ఎరికేనేమో అనుకున్న అయ్యగారూ. కాయల దిక్కు సూడకుంట ఉంటుంటే, ఈయన ఎంత మంచిగ పాటిస్తుండని సంబురపడ్డ."

నేను తలెత్తి చూశాను. ఆ చెట్టు, దాని వెనక చెట్టు, ఆ వెనక అడవి అంచు పొడుగునా చెట్లు, విరగకాసి. కావలి లేదు, కంచె లేదు, గదమాయించేవాడు లేడు. ఇన్ని నోళ్ళు ఇన్ని వారాలుగా ఆ కాయల కిందే తిరిగాయి. పాలపళ్ళు ఊడని పిల్లలు తిరిగారు. ఒక్క కాయ పోలేదు, నేను కోసినవి తప్ప. తొలి ఫలం దేవుడిదని మా చర్చిలో ఏటా కోత పండగనాడు గొంతు చించుకుని చెబుతాం. చెప్పి, ఇంటికెళ్ళి కాకర పాదులో మొదటి కాయ వండుకుంటాం. చెప్పకుండా చేసేవాళ్ళ ఊరికి, చెప్పి చెయ్యనివాణ్ణి నేను బోధించడానికి వచ్చాను. ఊరంతా ఒక దారైతే ఊరగాయది ఒక దారి.

అంతలో దేవయ్య ఇంకో మాట అన్నాడు. నన్ను కాపాడాలనే అన్నాడు, ఒట్టు.

"తాతా, ఈయనే చెప్పిండు మాకు. మొదట్ల ఇద్దరుండిరంట. వద్దన్న పండు తిన్నరని దేవుడు తోటల నుంచి ఎల్లగొట్టిండంట. ఈయనకు ఈ సంగతి ముందుగాల్నే ఎరికె. ఎల్లగొడితే కూడ ఏమనుకోడు."

పోయిన ఆదివారం ఆ ప్రసంగం నేనే చేశాను, ఎంతో రసవత్తరంగా. ఇన్నాళ్ళకు ఒక శ్రోత దాన్ని మాటకు మాట గుర్తుంచుకున్నందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

తాత ఆ కథ మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాడు. ఆ ఇద్దరూ తిరిగి తోటలోకి వచ్చారా అని అడిగాడు. రాలేదని దేవయ్య చెప్పాడు. తాత నా వైపు తిరిగి, ఎవరికన్నా పెట్టావా అని అడిగాడు.

"లేదు తాతా. నేనొక్కణ్ణే తిన్నాను."

ఊరంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. తిండిపోతుతనం ఒక మనిషికి పుణ్యం కింద జమ కావడం చరిత్రలో అదే మొదటిసారి అయి ఉంటుంది.

పెద్దలు దగ్గరగా జరిగి వాళ్ళ భాషలో మాట్లాడుకున్నారు. వేళ్ళు ఒకసారి జాడీ వైపు, ఒకసారి కొంటా వైపు చూపించాయి. మధ్యలో ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వొకటి లేచి అణిగింది. నేను మనసులో మూట సర్దుకుంటున్నాను. ఏం చెప్పాలి సంఘానికి? దేని కోసం వచ్చావంటే వాక్యం కోసమని, దేని వల్ల వెళ్ళగొట్టారంటే ఊరగాయ వల్లనని. నా తర్వాత ఎవరినీ ఆ వైపు పంపరు. దేవయ్య ఇక ఆ ఊళ్ళో నోరెత్తి జిమ్మేదారీ అనే మాట అనలేడు. అన్నిటికన్నా, రేపు తెల్లవారుజామున ఈ అడవి ఇలాగే ఉంటుంది, నేను ఉండను.

తాత లేచాడు.

"ఇను పిలగా. ఉన్న మాట చెప్తా. నిన్ను ఇయ్యాల సాగనంపుదమని నిన్ననే అనుకున్నం. నువ్వు చెడ్డోడివి కావు. కానీ చిన్న ఊరు, కొత్త మాటలు ఎక్కువైనయని కొందరన్నరు. కొత్త కాయ చేతుల పెట్టి, కొంటా దాక ఎంబడొచ్చి, మర్యాదగ జీపెక్కిద్దమనుకున్నం."

నేను తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాను.

"ఇప్పుడెట్ల పంపుతం?" అన్నాడు తాత, పెద్ద చిక్కు తెచ్చిపెట్టావన్న మొహంతో. "మా చెట్టు కాడ గల్తీ చేసినవ్. నువ్వు పోతే గల్తీ ఊర్లనే ఉంటది. మీ దేవుడు ఎట్ల ఎల్లగొట్టిండో నాకైతే సమజ్ కాలే. గల్తీ చేసినోణ్ణి ఎల్లగొడితే, గల్తీ ఎవడు తీరుస్తడు? మళ్ళ మామిడి పండగ దాక ఈడనే ఉండు. ఈ ఏడు ఒక్క కాయ నోట్ల పెట్టొద్దు. వచ్చే ఏడు ఊరితోని కూసొని, ఊరితోని తిను. అప్పుడు తీరుతది. గా జాడీ గూడ అప్పటి దాక ఎవరూ ముట్టొద్దు."

వినండి, నాకు పడిన శిక్ష ఇది: వెళ్ళిపోకూడదు. నేను మూడు నెలల ప్రార్థనతో సాధించలేనిది ఒక జాడీ ఆవకాయ సాధించింది. కానీ దాన్ని ప్రార్థనకు జవాబు అనడానికి ఆ క్షణంలో నాకు ముఖం చెల్లలేదు. తోట కథ నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను, చెబుతున్నాను. వెళ్ళగొట్టకుండా ఉంచుకుని సరిదిద్దడమనే ముగింపు ఒకటుండొచ్చని నాకెప్పుడూ తట్టలేదు. తాత ముందు చేతులు కట్టుకుని నిలబడిపోయాను. దేవయ్య ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియకుండా మొహం తుడుచుకుంటున్నాడు.

ఆ వేసవి నేను పడ్డ బాధ పగవాడికి వద్దు. ఊరంతా మామిడికాయలు తింది, నేను తప్ప. ఉప్పు కారం అద్దుకుని తింది, కాల్చుకుని తింది, ఎండబెట్టుకుని దాచింది. పిల్లలు నా గుడిసె ముందే కూర్చుని, సారూ, ఈ కాయ పుల్లగున్నదా తియ్యగున్నదా చెప్పుర్రి, అని అడిగి, నేను గుటకలు మింగుతుంటే వాళ్ళే తిని వాళ్ళే చెప్పుకునేవారు. జాడీ తాత ఇంటి దూలానికి ఉట్టి మీద వేలాడింది. వానలు వచ్చాయి, వరి వచ్చింది, ఇప్పపూలు మళ్ళీ రాలాయి. ఆ ఏడాది పొడుగునా ఆ ఊళ్ళో కొత్త చిక్కుడుకాయ కనిపించినా, కొత్త వడ్లు కనిపించినా నేను ముందు ఉంగమ్మ అవ్వ దగ్గరికి పరిగెత్తి, ఇది ముట్టొచ్చా అవ్వా అని అడిగేవాణ్ణి. చివరికి ఆమె విసిగిపోయి, నీళ్ళు తాగొచ్చు కొడకా, గాలి పీల్చొచ్చు, పో, అంది.

మళ్ళీ మామిడి పండగ వచ్చింది. ఈసారి మొద్దు మీద కాదు, ఊరితో పాటు నేల మీద కూర్చున్నాను. తాత తన పెద్దలను పిలిచాడు, నేను నా దేవుణ్ణి పిలుచుకున్నాను. నిశ్శబ్దం మాత్రం అందరిదీ ఒకటే. తాత కోసిన కాయ ముక్క తన చేత్తో నా చేతిలో పెట్టాడు. ఏడాది తర్వాత నా నోట్లో పడిన మొదటి పులుపు అది. రెండు కళ్ళూ మూసుకుపోయాయి, నీళ్ళు కారాయి. పులుపుకేనని అందరితో చెప్పాను.

తర్వాత ఉట్టి మీద నుంచి జాడీ దిగింది. గుడ్డ విప్పగానే ఏడాది మాగిన ఘాటు బయటికొచ్చింది. పిల్లలు మెడలు సాచారు. ఉంగమ్మ అవ్వ ముక్కు ఎగరేసింది. మొదటి ముక్క తాతది. ఆయన నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, అటు నమిలి ఇటు నమిలి, టెంక చీకాడు. ఊరంతా ఆయన దవడ వంక చూస్తోంది. నా గల్తీ తీరింది, ఇక నేను ఉండాలో పోవాలో చెప్పాల్సింది ఆ నోరే.

తాత కళ్ళు తెరిచాడు.

"ఉప్పెక్కువైంది" అన్నాడు. "నేర్సుకునేదాక ఉండు."

పాఠకులారా, ఇదిగో, ఆకాశమూ భూమీ సాక్షిగా, కొంటా కొట్టు సత్యంగారి తక్కెడ సాక్షిగా, ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా, ఊరి కంటే ముందు ఏ కాయా ముట్టను, ఏ కాయా కొయ్యను. వేవిళ్ళు నాకే వచ్చినా సరే.

ఉప్పు విషయంలో మాత్రం ప్రమాణం అడక్కండి. ఏటా పండగ అయ్యాకే ఆవకాయ పెడుతున్నాను, ఏటా తాతకు రుచి చూపిస్తున్నాను, ఏటా ఎవరూ చూడకుండా ఇంకో గుప్పెడు ఎక్కువే వేస్తున్నాను.